ట్రాక్టర్ రేట్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? ఇప్పుడు కొనాలా, ఆగాలా?

కొత్తసాలు
అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఇదే ఆలోచన, ఎటూ తేలడం లేదు. మా ట్రాక్టర్‌కి 18 ఏళ్లు నిండాయి. 45 హెచ్‌పీ బండి. ఇంజన్ ఒకసారి బోర్ చేయించాం, ఇప్పుడు మళ్లీ ఆయిల్ తాగుతోంది. షోరూంకి వెళ్తే "ఈ నెలలోనే తీసుకోండి, వచ్చే నెల రేటు పెరుగుతుంది" అంటున్నారు. పాత బండ్లు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తే "మార్కెట్ పడిపోయింది, అడిగేవాడే లేడు" అంటున్నారు. వార్తలు చూస్తే ఒకచోట ట్రాక్టర్ ఫ్యాక్టరీలు పనివాళ్లను తీసేస్తున్నాయి, ఇంకోచోట అమ్మకాలు ఎప్పుడూ లేనంత అని రాస్తున్నారు.

అసలు రేట్లు ఎటు పోతున్నాయి? రోటావేటర్ కూడా మార్చాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గట్టుమీద
తమ్ముడూ, నా 30 ఏళ్ల సేద్యంలో కొత్త ట్రాక్టర్ రేటు పెరగడమే చూశాను. ఒక ఏడాది ఎక్కువ పెరుగుతుంది, ఒక ఏడాది తక్కువ పెరుగుతుంది, అంతే తేడా. అవసరం ఉంటే తీసుకో. ఆగితే ఆ డబ్బుకి ఇంకా చిన్న బండే వస్తుంది.

తొలకరి
గట్టుమీద గారూ, పెరగడమే చూశానన్నారు, కానీ ఈమధ్యే ఒకటి తగ్గింది కదా. భారత్‌లో 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి వచ్చింది. పన్ను కాకుండా బండి ధర 100 అనుకుంటే, నిన్న 112 కట్టేవాళ్లం, ఇవాళ 105 కడుతున్నాం. అంటే చేతిలోంచి పోయే డబ్బులో 6 శాతానికి పైగానే తగ్గింది.

గట్టుమీద
అది ప్రభుత్వం తగ్గించింది అమ్మా, కంపెనీ కాదు. పన్ను ఒకసారి దిగుతుంది. ఆ తర్వాత కంపెనీ మళ్లీ మెల్లగా మెట్లు ఎక్కిస్తూనే ఉంటుంది. రెండేళ్లకి ఆ 105 మళ్లీ 112 అవ్వదని ఎవరైనా హామీ ఇస్తారా?

లెక్కలపుస్తకం
మీ ఇద్దరూ చెప్పేది నిజమే, ఎందుకంటే ఇద్దరూ వేరువేరు రేట్ల గురించి మాట్లాడుతున్నారు. వ్యవసాయ రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, యంత్రాల ఫైళ్లు వందల్లో చూశాను. "ట్రాక్టర్ రేటు" అని ఒక్కటి ఉండదు. కంపెనీ జాబితాలో రాసిన ధర ఒకటి. డీలర్ చివరికి దిగే ధర ఇంకొకటి. పాత బండి ధర మూడోది. వడ్డీతో కలిపి మీ జేబులోంచి పోయేది నాలుగోది. ఈ నాలుగూ ఒకే దిక్కుకి నడవాలని లేదు. 2022 నుంచి చూస్తే మొదటిది పైకి, మూడోది కిందికి పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

కాస్త వెనక్కి వెళ్దాం. 2020 చివర్లో మొదలైన చిప్‌ల కొరత 2022 దాకా నడిచింది. అదే సమయంలో ఉక్కు మండిపోయింది. అమెరికాలో చుట్టలుగా వచ్చే ఉక్కు రేకు టన్ను 2020 మధ్యలో 500 డాలర్ల దగ్గర ఉండేది, 2021 సెప్టెంబరుకి 1,900 దాటింది. ట్రాక్టర్‌లో బరువంతా ఇనుమే కదా. కంపెనీలు ధరలు పెంచాయి, అయినా బుక్ చేస్తే నెలల తరబడి బండి రాలేదు. సరిగ్గా అప్పుడే పంటల ధరలు కూడా ఎగిశాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ ఆహార ధరల సూచీ 2022 మార్చిలో 160 దగ్గరికి చేరింది, అంతకుముందు ఎప్పుడూ అంత లేదు. రైతు చేతిలో డబ్బుంది, కొత్త బండి దొరకడం లేదు. ఇంకేం, అందరూ పాత బండ్ల మీద పడ్డారు. రెండు మూడేళ్లు వాడిన బండి కూడా దాదాపు కొత్త ధరకి పోయింది.

తర్వాత గాలి తిరిగింది. 2024 మొదట్లో అదే సూచీ 120 లోపలికి దిగింది. వడ్డీలు పెరిగాయి. అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేటు 2022 మార్చి ముందు సున్నా దగ్గర ఉండేది, 2023 జులైకి 5.25–5.50 శాతం అయింది. మన దగ్గర రెపో, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. అమెరికాలో డీలర్ల యార్డుల్లో పెద్ద ట్రాక్టర్లు, హార్వెస్టర్లు పేరుకుపోయాయి. పాత పెద్ద యంత్రాల ధరలు వేలంపాటల్లో దిగివచ్చాయి. "మార్కెట్ పడిపోయింది" అని మీరు వినేది ఇదే. కానీ జాబితా ధర మాత్రం 2020 స్థాయికి రాలేదు.

కొత్తసాలు
లెక్కల గారూ, చాలా ధన్యవాదాలు. ఒక్క అనుమానం. అమ్ముడుపోక పేరుకుపోతే కంపెనీ ధర తగ్గించాలి కదా? మన కూరగాయలు మిగిలిపోతే సగం రేటుకి ఇచ్చేస్తాం.

లెక్కలపుస్తకం
మన పంట రేపటికి కుళ్లిపోతుంది, వాళ్ల ఇనుము కుళ్లదు. అదీగాక, తయారీని ఆపే వీలు వాళ్లకుంది, మనకి లేదు. డిమాండు తగ్గితే వాళ్లు ధర తగ్గించరు, ఫ్యాక్టరీలో షిఫ్ట్ తగ్గిస్తారు.

అమెరికా ట్రాక్టర్ కంపెనీ జాన్ డీర్ లెక్కలు చూడండి, బహిరంగంగానే ఉన్నాయి. 2023 ఆర్థిక సంవత్సరంలో నికర లాభం దాదాపు 10.2 బిలియన్ డాలర్లు, ఆ కంపెనీ చరిత్రలోనే అత్యధికం. 2024లో 7.1 బిలియన్లు. 2025లో 5 బిలియన్ల దగ్గర. రెండేళ్లలో సగమైంది. ఆ మధ్యలో వాళ్లు చేసింది ఉత్పత్తి కోత, ఉద్యోగాల కోత. మీరు వార్తల్లో చూసిన ఫ్యాక్టరీ సంగతి ఇదే. జాబితా ధరని ఒకసారి దించితే, నిన్న కొన్నవాడు గొడవకొస్తాడు, యార్డులో ఉన్న పాత సరుకు విలువ పడిపోతుంది, వాళ్ల సొంత ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పులకి తాకట్టుగా ఉన్న బండ్ల విలువ కూడా పడిపోతుంది. అందుకే దాన్ని ముట్టుకోరు. తగ్గింపు ఇవ్వాల్సి వస్తే వడ్డీలోనో, ఎక్స్చేంజిలోనో, ఉచిత పనిముట్టు రూపంలోనో ఇస్తారు.

వెనకటిచక్రం
ఎప్పుడూ ముట్టుకోలేదనడానికి లేదు లెక్కల గారూ. ఒకసారి ముట్టుకున్నారు, గట్టిగానే. ట్రాక్టర్ల చరిత్ర నాకు పిచ్చి, అందుకే ఆపుకోలేక రాస్తున్నాను.

హెన్రీ ఫోర్డ్ 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తయారీ మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1920–21లో అమెరికాలో పంటల ధరలు కుప్పకూలాయి. ట్రాక్టర్ కొనే దిక్కు లేదు. 1922 మొదట్లో ఫోర్డ్ ఒకేసారి 625 డాలర్ల నుంచి 395 డాలర్లకి దించేశాడు. 230 డాలర్ల కోత! పోటీలో ఉన్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కూడా తన బండ్ల ధరలు కోసి, పైగా నాగలిని ఉచితంగా ఇచ్చింది. చిన్న కంపెనీలు ఈ దెబ్బకి చాలావరకు మూతపడ్డాయి. జనరల్ మోటార్స్ అంతటిది కూడా ట్రాక్టర్ల వ్యాపారం వదిలేసి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి. ఆ పోరులో చివరికి నెగ్గింది చవక బండి కాదు. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఫార్మాల్ తెచ్చింది. సాళ్ల మధ్య అంతరకృషి చేయగల ట్రాక్టర్ అది, ధర ఎక్కువే. ఫోర్డ్‌సన్ దుక్కి దున్నడం వరకే, సాళ్ల మధ్యకి దిగలేదు. 1928కల్లా ఫోర్డ్ అమెరికాలో ఫోర్డ్‌సన్ తయారీ ఆపేశాడు.

గట్టుమీద
వందేళ్ల కిందటి మాట. అప్పటికీ ఇప్పటికీ పోలికా?

వెనకటిచక్రం
పోలిక ఉందండీ. పంట ధర పడిపోయిన రెండో ఏడాదికి యంత్రం ధర కదిలింది. 2022 పంటల ధరలు, 2024 వేలంపాటల ధరలు చూడండి, వరస అదే. ట్రాక్టర్ రేటు కంటే ముందు గింజల రేటు చూడాలన్నదే నా ఉద్దేశం.

తొలకరి
గింజల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా ఇంట్లో మా అత్తగారు ఏది కొన్నా డబ్బుల్లో లెక్క వేసేవారు కాదు, "ఎన్ని బస్తాలు?" అని అడిగేవారు. మొదట్లో నాకు విచిత్రంగా ఉండేది. ఇప్పుడు యంత్రాల లెక్కంతా నేనే చూస్తున్నాను కాబట్టి ఆ ప్రశ్న ఎంత సరైనదో తెలుస్తోంది. ట్రాక్టర్ ధర 100 నుంచి 120 అయిందనుకోండి, 20 శాతం పెరిగిందంటాం. అదే సమయంలో బస్తా ధర 10 నుంచి 8కి పడితే? నిన్న 10 బస్తాలకి వచ్చిన బండికి ఇవాళ 15 బస్తాలు పోయాలి. రైతుకి పెరిగింది 20 శాతం కాదు, 50 శాతం.

ఇందులో రెండోవైపు కూడా ఉంది. బస్తా ధర 15కి ఎక్కితే అదే 120 బండికి 8 బస్తాలు చాలు. ధర పెరిగినా బండి చవకైనట్టే. నేను ఇంట్లో నోటుబుక్కులో ప్రతి ఏడాదీ ఇలాగే రాసుకుంటున్నాను.

కొత్తసాలు
తొలకరి అక్కా, ఈ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. పాత రసీదులు ఇంట్లోనే ఉన్నాయి, తీసి చూస్తాను.

పాతస్పానర్
నేను మెకానిక్‌ని. ధరల గురించి మాట్లాడేటప్పుడు ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. 15 ఏళ్ల కిందటి 50 హెచ్‌పీ ట్రాక్టరూ ఇవాళ్టి 50 హెచ్‌పీ ట్రాక్టరూ ఒకే వస్తువు కాదు. బోనెట్ తెరిచి చూస్తే తెలుస్తుంది.

పొగ నిబంధనల వల్ల వచ్చిన మార్పు ఇది. అమెరికాలో టియర్ 4 నిబంధనలు 2008 నుంచి 2015 మధ్య దశలవారీగా వచ్చాయి. యూరప్‌లో స్టేజ్ 5 2019–20లో వచ్చింది. మన దేశంలో 50 హెచ్‌పీ పైన ఉన్నవాటికి ట్రెమ్ 4 2023 జనవరి నుంచి. వీటికోసం పాత మెకానికల్ డీజిల్ పంపు తీసేసి ఎలక్ట్రానిక్‌గా డీజిల్ అందించే కామన్ రైల్ పెట్టారు. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, వచ్చింది, సెన్సార్లు వచ్చాయి, సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. ఇదంతా ధరలోకి ఎక్కింది. ఒకసారి ఎక్కాక ఇది దిగదు, ఉక్కు చవకైనా దిగదు.

అందుకే కంపెనీలు గీతకి కాస్త కింద ఆగే మోడళ్లు తెస్తాయి. అమెరికాలో 25 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లకి ఆ మసి ఫిల్టర్ అవసరం పడదు, అందుకని అక్కడ 24 పాయింట్ ఎంతో అని రాసిన మోడళ్లు బోలెడు. మన దగ్గర 49 పాయింట్ ఎంతో అని కనిపించేవి కూడా అలాంటివే. తమ్ముడికి కావాల్సింది 45 కాబట్టి ఈ భారం చాలావరకు పడదు. కానీ 55కి వెళ్దామా అని ఆలోచిస్తే మాత్రం, ధరలో దూకుడు 10 హెచ్‌పీకి తగ్గట్టు ఉండదు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. అది ముందే తెలుసుకుని వెళ్లు.

మడికట్టు
స్పానర్ అన్నా, హెచ్‌పీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ధరని హెచ్‌పీతో భాగించి "ఇది చవక, అది ఖరీదు" అంటున్నారు చాలామంది. బోనెట్ మీద రాసేది ఇంజన్ హెచ్‌పీ కదా, పనిముట్టుని తిప్పే వెనక షాఫ్ట్, అదే పీటీవో, దాని దగ్గర అంత రాదు కదా?

పాతస్పానర్
రాదు. రోటావేటర్‌ని తిప్పేది పీటీవో హెచ్‌పీ. దాన్నే అడగాలి. రెండు బండ్లూ 45 అని రాసి ఉన్నా పీటీవో దగ్గర 3, 4 హెచ్‌పీ తేడా ఉండొచ్చు. టెస్ట్ రిపోర్టులో ఉంటుంది ఆ అంకె. భారత్‌లో బుధ్ని కేంద్రంలో ట్రాక్టర్లని పరీక్షించి రిపోర్టులు ఇస్తారు.

వెనకటిచక్రం
ఈ పరీక్షల గోల కూడా రైతు మోసపోవడం నుంచే పుట్టింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1919లో చట్టం చేసింది, పరీక్షించకుండా అక్కడ ట్రాక్టర్ అమ్మకూడదని. 1920లో పరీక్షలు మొదలయ్యాయి. చెప్పిన శక్తికీ వచ్చిన శక్తికీ పొంతన లేని బండ్లు అంతకుముందు అంతగా అమ్మారన్నమాట.

ఇనుపనాగలి
రోటావేటర్ గురించి తమ్ముడు అడిగాడు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. నాది పనిముట్ల వెల్డింగ్ షాపు. ట్రాక్టర్ ధరకీ పనిముట్టు ధరకీ పోలిక వద్దు. ట్రాక్టర్‌లో ఇంజన్, గేర్లు, ఎలక్ట్రానిక్స్, పేరు, అన్నీ కలిసి ధర. గొర్రు, నాగలి, రోటావేటర్, ట్రాలీ, ఇవి ఇంచుమించు ఉక్కూ వెల్డింగే. కాబట్టి ఉక్కు ధర ఎక్కితే రెండు మూడు నెలల్లో ఇవి ఎక్కుతాయి, దిగితే ఇవి కూడా దిగుతాయి. ట్రాక్టర్‌లా కొండెక్కి కూర్చోవు. ఎందుకంటే ఇక్కడ చిన్న తయారీదార్లు చాలామంది, పోటీ ఎక్కువ.

ప్రభుత్వాల సుంకాలు కూడా ఇక్కడే ముందు తగులుతాయి. అమెరికా 2025 మార్చిలో దిగుమతి ఉక్కు మీద మినహాయింపులు తీసేసి అందరికీ 25 శాతం సుంకం వేసింది, జూన్‌లో దాన్ని 50 శాతం చేసింది. అక్కడి పనిముట్ల తయారీదారుకి ఇది నేరుగా నడ్డి మీద దెబ్బ.

కానీ ధర తగ్గిందని సంతోషపడే ముందు పనిముట్టుని తూకం వేయించండి. ఇది గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నా. రెండు రోటావేటర్లు పక్కపక్కన పెడితే, రెండూ 6 అడుగులవే, రంగు కూడా ఒకటే. ఒకటి 15 శాతం చవక. తూకం వేస్తే అది 60, 70 కిలోలు తక్కువ ఉంటుంది. ఆ కిలోలు ఎక్కడికి పోయాయి? పై మూత రేకు పల్చన. పక్క ప్లేటు పల్చన. రోటర్ గొట్టం గోడ పల్చన. వేలితో పై మూతని కొట్టి చూడండి. మందమైనది మొద్దు శబ్దం చేస్తుంది, పల్చనిది డబ్బా మోగినట్టు మోగుతుంది. రెండో ఏడాది రాళ్ల నేలలో ఆ గొట్టం వంగితే బేరింగులు వరసగా పోతాయి, ఆయిల్ సీల్ పోతుంది, గేర్ బాక్సులోకి మట్టి పోతుంది. అప్పుడు నా దగ్గరికే తెస్తారు. నాకు పని దొరుకుతుంది కానీ, తెచ్చిన రైతు ముఖం చూడలేకపోతాను.

అందుకే కిలోకి ఎంత పడిందో లెక్క వేయండి. చాలాసార్లు "చవక" రోటావేటర్ కిలో లెక్కన ఏమంత చవక కాదని తేలుతుంది.

మడికట్టు
అన్నా ఇది ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్.

గట్టుమీద
నాగలి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా దగ్గర ఒకటి అలాగే పోయింది.

లెక్కల గారిని ఒకటి అడుగుతాను. డీలర్ "సున్నా వడ్డీ" అంటున్నాడు, లేదంటే నగదుకి 8 శాతం తగ్గిస్తానంటున్నాడు. నేను 8 శాతం వైపే మొగ్గుతాను, చేతికి వచ్చేది కనిపిస్తుంది కదా.

లెక్కలపుస్తకం
చేతిలో పూర్తి నగదు ఉంటే మీ మాటలో న్యాయం ఉంది. లేకపోతే లెక్క వేయాల్సిందే. బండి 100 అనుకుందాం. సున్నా వడ్డీ అయితే 48 నెలల్లో కట్టేది 100. నగదు తగ్గింపు తీసుకుని ఆ 92ని బ్యాంకులో 9 శాతానికి అప్పు తెస్తే, 48 నెలసరి కిస్తీల్లో మొత్తం దాదాపు 110 కడతారు. అంటే 8 తగ్గించుకున్నట్టే ఉండి 10 ఎక్కువ కట్టినట్టు. సున్నా వడ్డీ నిజంగా సున్నా అయితేనే సుమా. ప్రాసెసింగ్ ఫీజు, తప్పనిసరి బీమా, డాక్యుమెంట్ చార్జీలు అని పక్కన ఏం కలిపారో కాగితం మీద రాయించుకుని చదవండి.

ఇంకో లెక్క కూడా చెబుతాను. ఇదే ఈ చర్చలో అసలు జవాబని నా నమ్మకం. ధర మారకుండా 100 దగ్గరే ఉంది. వడ్డీ 5 శాతం ఉన్నప్పుడు నాలుగేళ్లలో కట్టేది 110.5. వడ్డీ 9 శాతం అయితే 119.5. జాబితాలో ఒక్క రూపాయి మారలేదు, కొనేవాడికి మాత్రం 9 పెరిగింది. 2022, 2023లో చాలామందికి జరిగింది ఇదే. 2025లో వడ్డీలు తిరిగి దిగాయి. మన రెపో ఆ ఏడాది 6.5 నుంచి 5.25కి వచ్చింది. అంటే ధరలు కదలకపోయినా అప్పు మీద కొనేవాడికి ట్రాక్టర్ కాస్త చవకైంది. ఈ దిగుదల గురించి ఎవరూ బోర్డు కట్టరు.

గట్టుమీద
ఈ కోణంలో నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. మా అబ్బాయికి మీ పోస్టు చూపిస్తాను.

కొత్తసాలు
ఇంటికెళ్లి పాత రసీదులు తీశాను. తొలకరి అక్క చెప్పినట్టు బస్తాల్లో లెక్క వేశాను. 18 ఏళ్ల కిందట నాన్న ఈ ట్రాక్టర్ కొన్నప్పటికంటే ఇవాళ అదే స్థాయి కొత్త బండికి బస్తాలు కొంచెమే ఎక్కువ పడుతున్నాయి, నేను భయపడినంత కాదు. కానీ నాలుగేళ్ల కిందటితో పోలిస్తే బాగా ఎక్కువ. కాబట్టి కొత్తది ఇప్పుడు వద్దనిపిస్తోంది. నాలుగైదేళ్ల పాత బండి చూద్దామనుకుంటున్నా. స్పానర్ అన్నా, ఏం చూడాలి?

పాతస్పానర్
మంచి ఆలోచనే. కొత్త బండి విలువ మొదటి మూడు నాలుగేళ్లలోనే వేగంగా పడుతుంది, ఆ నష్టం ముందు కొన్నవాడు భరించాడు. పాత మార్కెట్ మెత్తగా ఉన్నప్పుడు నీకు ఎంచుకునే తీరిక కూడా ఉంటుంది. ఇక చూడాల్సినవి:

గంటల మీటర్‌ని మాత్రమే నమ్మకు. దాన్ని మార్చేస్తారు. మీటర్ 2,000 గంటలు అంటుంది కానీ క్లచ్ పెడల్ మీద గీతలు అరిగి అద్దంలా మెరుస్తుంటే ఆ బండి అంతకు రెండింతలు తిరిగింది. పెడల్ మీద రబ్బరు కొత్తగా ఉంటే దాన్ని కాస్త పక్కకి తీసి కింద ఇనుము చూడు. స్టీరింగ్ రిమ్ము, గేర్ రాడ్ గుబ్బ, సీటు కింద నేల రేకు, ఇవి అబద్ధం చెప్పవు.

స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడినుంచి పొగ ఊపిరి ఊదినట్టు బుస్సుబుస్సుమని వస్తుంటే రింగులు పోయాయి, బోర్ పని దగ్గరలో ఉంది. ఆ పని ఖర్చుని ధరలోంచి తీసేసి బేరమాడు. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. నీళ్ల మడుల్లో ఎక్కువ తిరిగిన బండ్లలో ఇది తరచూ చూస్తాను. బయటికి కడిగి రంగు వేస్తే ఎవరికీ తెలియదు, డిప్ స్టిక్ తీస్తేనే తెలుస్తుంది.

వెనక బరువైన పనిముట్టు కట్టి పైకెత్తించు. ఇంజన్ ఆపు. అలాగే వదిలేసి పది నిమిషాలు మాట్లాడుతూ ఉండు. నెమ్మదిగా కిందికి జారితే హైడ్రాలిక్ సీళ్లు వెళ్లిపోయాయి.

గేర్ బాక్సు బోల్టుల తలలు చూడు. రంగు చెదిరి స్పానర్ గాట్లు ఉంటే ఎవరో విప్పారు. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో చెప్పగలగాలి.

టైర్లు కూడా చూడు. వెనక టైర్లు రెండూ మార్చాల్సి వస్తే అదో పెద్ద ఖర్చు. పన్ను తగ్గినా చిన్న మొత్తం కాదు.

మడికట్టు
అన్నా, ఈసీయూ ఉన్న పాత బండి చవకగా వస్తే తీసుకోవచ్చా? మాకు 60 హెచ్‌పీ కావాలి.

పాతస్పానర్
దాన్ని స్కాన్ చేసే సాధనం నీకు దగ్గరలో ఎవరి దగ్గరుందో ముందు కనుక్కో. ఒక సెన్సార్ పోతే బండి పొలం మధ్యలో శక్తి తగ్గించుకుని నిలబడుతుంది, నా స్పానర్లన్నీ అప్పుడు పనికిరావు. ఈ బాధ ప్రపంచమంతా ఉంది. రిపేరు హక్కు కోసం అమెరికాలో రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకి ఆ హక్కు ఇస్తూ చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద రిపేరు ఆంక్షల విషయంలో కేసు కూడా వేసింది. కొనే ధర తగ్గిందని చూసి, తర్వాతి రిపేరు ధర చూడకపోతే నష్టమే.

తొలకరి
కొత్తసాలు తమ్ముడూ, ఇంకో మాట. ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతావో రాసుకున్నావా? ఏడాదికి 250 గంటలు కూడా నడవకపోతే కొన్నదానికంటే అద్దె బండి మేలు కావచ్చు. మేము హార్వెస్టర్ కొనాలని కూర్చుని లెక్క వేస్తే సీజన్‌కి మాకు 40 గంటల పని కూడా లేదు. ఆలోచన మానుకున్నాం. అద్దె రేటు ట్రాక్టర్ ధరని బట్టి కంటే డీజిల్‌ని బట్టి ఎక్కువ కదులుతుంది, అది వేరే లెక్క.

కొత్తసాలు
రాసుకున్నాను అక్కా. మాది, మా బాబాయి వాళ్లదీ కలిపితే 600 గంటలు దాటుతోంది. కొనక తప్పదు.

ఇవాళ ఒక బండి చూసొచ్చాను. ఐదేళ్లది, మీటర్ 2,400. రంగు బాగుంది. స్పానర్ అన్న చెప్పినవన్నీ వరసగా చూశాను. పెడల్ కింద ఇనుము మీద గీతలు బాగానే ఉన్నాయి. పనిముట్టు ఎత్తి ఆపితే పది నిమిషాలు కదల్లేదు. గేర్ ఆయిల్ శుభ్రంగా ఉంది. ఆయిల్ మూత దగ్గర కూడా పొగ లేదు. ధర కూడా పోయినేడాది ఇలాంటి బండికి విన్నదానికంటే తక్కువే చెబుతున్నారు. ఎల్లుండి అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నా.

ఒక్కటే మనసులో మెదులుతోంది. నేను వెళ్లేసరికే బండి స్టార్టింగ్‌లో ఉంది. "మీరొస్తున్నారని వేడి చేసి పెట్టాం" అన్నారు.

పాతస్పానర్
అడ్వాన్స్ ఇవ్వకు తమ్ముడూ, ఇంకా ఇవ్వకు. రేపు చెప్పకుండా, తెల్లారకముందే వెళ్లు. ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉందో లేదో చూడు. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించు. ఎన్నిసార్లు సెల్ఫ్ కొడితే అందుకుందో లెక్కపెట్టు, మొదటి పొగ రంగు చూడు. నీలం అయితే ఆయిల్ మండుతోంది. తెల్లగా వచ్చి నిమిషంలో పోతే పరవాలేదు. చూసి ఇక్కడ రాయి, నేను మేలుకునే ఉంటాను.

కొత్తసాలు
వెళ్లొచ్చాను అన్నా. ఐదుంపావుకి అక్కడున్నా. బోనెట్ మంచులా చల్లగా ఉంది. రెండోసారికి అందుకుంది. తెల్ల పొగ కాస్త వచ్చి ఆగిపోయింది, నీలం లేదు. ఫైనాన్స్ క్లియర్ అయినట్టు అప్పిచ్చినవాళ్ల ఎన్‌వోసీ పత్రం కూడా చూపించారు, ఆర్సీలో హైపోథికేషన్, అంటే అప్పు తాకట్టు నమోదు, తీసేశాక మిగతా డబ్బు ఇస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు. రోటావేటర్ మాత్రం ఇంకా తీసుకోలేదు. నాగలి అన్నా, వచ్చేవారం తూకం కాటా దగ్గరికి రెండు మోడళ్లు తెప్పిస్తున్నా, బరువులు రాస్తాను.

ఇనుపనాగలి
బ్లేడ్లు విప్పి తూకం వేయించు తమ్ముడూ. కొందరు బరువు బ్లేడ్లలో చూపించి మూతలో తగ్గిస్తారు.